శంఖం ఎటు తిరిగింది?

నిర్మల్‌లో సముద్రం లేదు. ఏ దిక్కున బయల్దేరినా అల కనబడాలంటే ఒక పూట ప్రయాణం చాలదు. అయినా గుడిలో, పూజగదిలో, ఇల్లిల్లూ తిరిగే దాసరి చేతిలో సముద్రపు జీవి ఒకటి ఉండనే ఉంటుంది. అదే శంఖం. దాని పక్కన సాలగ్రామం కూడా ఉన్న ఇళ్లు కొన్ని ఉంటాయి. రెండూ ఒకప్పుడు సముద్రంలో బతికిన మెత్తటి ఒంటి ప్రాణుల గూళ్లే. సాలగ్రామంలో ఉన్న అమ్మోనైట్ ఆక్టోపస్‌కు దూరపు చుట్టం, శంఖం చెరువు నత్తకు పెద్దక్క లాంటిది.

మూడో గూడు ఇంకొకటి నిర్మల్ దగ్గరే ఉంది, పూజగదిలో కాదు, కొండల్లో. నిర్మల్ నుంచి ఆదిలాబాద్ వైపు మహబూబ్ ఘాట్ ఎక్కే దారి పొడుగునా కనిపించే నల్లరాయి ఒకనాటి లావా. ఆ లావా పొరల నడుమ అక్కడక్కడ దొరికే చెకుముకి లాంటి గట్టి రాయిని చూస్తే, రాయిగా మారిన నత్తగుల్లలు బయటపడతాయి. వాటిలో పేరున్నది ఫైసా ప్రిన్సెపీ. దాని చుట్టు ఎడమకు తిరిగి ఉంటుంది. గుడిలోని మామూలు శంఖం కుడికి తిరుగుతుంది. ఈ కుడిఎడమల తేడా చుట్టూ మన దగ్గర లక్షల రూపాయల వ్యాపారం నడుస్తోంది కాబట్టి, అసలు శంఖం అంటే ఏమిటో, అది ఎటు తిరిగిందో ఒకసారి చూద్దాం.

లావా పొరల నడుమ చెరువు

సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్ నేల చీలి లావా పారింది. నేటికీ 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉన్న ఆ రాయే అరిగి మన నల్లరేగడి అయింది. లావా అంతా ఒక్కసారిగా రాలేదు. ఒక పొర పారాక చాలాకాలం విరామం. ఆ విరామంలో గుంటల్లో నీళ్లు నిలిచాయి, గడ్డీ నాచూ మొలిచాయి, నత్తలు చేరాయి. ఆ తర్వాత మరో లావా పొర వచ్చి ఆ చెరువును కప్పేసింది. నీటిలోని సిలికా గుల్లల్లోకి ఇంకి వాటిని రాయి చేసింది.

మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన జె.జి. మాల్కంసన్ 1830లలో ఈ కొండల్లో తిరిగి ఇలాంటి గుల్లలను ఏరాడు. అప్పటి రాతల్లో వీటి పేరు సిచెల్ కొండలు. ఆయన వ్యాసం 1837లో లండన్ జియలాజికల్ సొసైటీ ముందు చదివారు. 1840లో అచ్చయినప్పుడు సోవర్బీ అనే శాస్త్రవేత్త ఆ గుల్లలకు పేర్లు పెట్టాడు. దక్కన్ లావాల వయసు లెక్కించడానికి పనికొచ్చిన తొలి ఆధారాల్లో నిర్మల్ కొండల మంచినీటి నత్త ఒకటి.

నిర్మల్‌కు దిగువన పారే గోదావరి వెంట కిందికి పోతే, రాజమండ్రి దగ్గర కాతేరు, దుద్దుకూరుల్లో అదే కాలపు లావా మళ్లీ కనిపిస్తుంది. అక్కడి పొరల్లో ఉన్నవి చెరువు నత్తలు కావు. సన్నగా పొడుగ్గా మేకులా ఉండే టరిటెల్లా లాంటి సముద్రపు నత్తలు. ఎగువన చెరువు, దిగువన కడలి, రెంటినీ కప్పింది ఒకే యుగపు నిప్పు.

ఆ కాలంలోనే మెక్సికో తీరాన పెద్ద ఉల్క పడింది. డైనోసార్లు పోయాయి, సముద్రంలో అమ్మోనైట్ల వంశం అంతటితో ఆగింది. తప్పు ఉల్కదెంత, దక్కన్ లావాదెంత అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది. నత్తలు మాత్రం మిగిలాయి, మిగలడమే కాదు, వర్ధిల్లాయి. పూజగదిలో పక్కపక్కన ఉన్న ఆ రెండు గూళ్లలో సాలగ్రామం ముగిసిన వంశానిది, శంఖం నిలిచిన వంశానిది.

తీర్థం జారే కాలువ

శంఖంలో పోస్తేగాని తీర్థం కాదంటారు. ఆ తీర్థం ఏ కాలువలోంచి జారుతుందో గమనించారా? శంఖం ఒక కొసన ముక్కులా సాగిన తూము అది. పోలిక కోసం ముక్కు అన్నాను గానీ, నిజానికి అది ముక్కే. ప్రాణి బతికున్నప్పుడు ఆ తూములోంచి మెత్తటి గొట్టం ఒకటి బయటికి చాపుతుంది. దాంతో నీటిని లోపలికి లాగుతుంది. ఆ నీరు మొప్పలకు ఊపిరి ఇస్తుంది, దారిలో ఉన్న వాసన పసిగట్టే అవయవానికి కబురూ ఇస్తుంది. గొట్టాన్ని అటూ ఇటూ ఆడిస్తూ ఎర ఎటుందో తెలుసుకుంటుంది.

చెరువు నత్త గుల్లకు ఈ తూము ఉండదు. నాచు గీక్కుని తినే ప్రాణికి అంత వాసన పట్టే అవసరం లేదు. శంఖం వేటగత్తె. గుల్ల నుంచి ఏనుగు తొండం లాంటి నోటిని సాచి, ఇసుకలో గొట్టాలు కట్టుకుని దాగిన పురుగులను తింటుంది. ఇలా తూమూ తొండమూ ఉన్న వేట నత్తల పెద్ద వర్గానికి నియోగ్యాస్ట్రోపాడ్లని పేరు. డైనోసార్ల చివరి యుగమైన క్రెటేషియస్ తొలిరోజుల్లో బయల్దేరిన ఈ వర్గం ఆ తర్వాత కడలంతా కమ్ముకుంది. విషపు బాణంతో చేపను పడగొట్టే శంకు నత్త కూడా ఈ వర్గంలోదే.

మన శంఖం శాస్త్రనామం టర్బినెల్లా పైరమ్. లిన్నేయస్ 1767లో దీన్ని శాస్త్రానికి పరిచయం చేశాడు. మన్నార్ సింధుశాఖ, పాక్ జలసంధి, శ్రీలంక తీరాలు దీని పుట్టిళ్లు. అక్కడి ఇసుక నేలల్లో తిరిగే శంఖం పైకి మనకు తెలిసిన తెల్లటి శంఖంలా ఉండదు, గోధుమరంగు మొద్దు తోలు కప్పుకుని ఉంటుంది. ఆ తోలు తీసి రుద్దితేనే పాల తెలుపు బయటికొస్తుంది. దీని కుటుంబంలోనే లోకంలోకెల్లా పెద్ద నత్త ఉంది. ఉత్తర ఆస్ట్రేలియా సముద్రంలోని సిరింక్స్ అరువానస్ సుమారు 90 సెంటీమీటర్ల దాకా, అంటే రెండేళ్ల పిల్లంత ఎత్తు పెరుగుతుంది. గుల్లతో కలిపి 18 కిలోల దాకా తూగుతుంది. అంత రాక్షస నత్త కూడా తినేది సముద్రపు పురుగులనే.

పీతలు నేర్పిన కట్టడం

శంఖం అంత బరువెందుకు? ఈ ప్రశ్నకు బలమైన జవాబు ఇచ్చినవాడు గీరాట్ వర్మై. నెదర్లాండ్స్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఈ శాస్త్రవేత్తకు మూడేళ్ల వయసులోనే చూపు పోయింది. గుల్లలను ఆయన వేళ్లతోనే చదివాడు. ఎక్కడ మందం, ఎక్కడ విరిగి అతికిన మచ్చ, ఎక్కడ నోరు ఇరుకు అన్నది తడిమి తెలుసుకున్నాడు. డైనోసార్ల కాలంలో సముద్రంలో గుల్లలు పగలగొట్టే పీతలూ చేపలూ పెరిగాయనీ, దానికి బదులుగా నత్తలు గోడలు మందం చేసుకున్నాయనీ, ముళ్లు మొలిపించాయనీ, వాకిలి ఇరుకు చేసుకున్నాయనీ 1977లో వివరించాడు. పీత డెక్క బలపడేకొద్దీ నత్త ఇల్లు గట్టిపడింది. గుల్ల గట్టిపడేకొద్దీ పీతకు ఇంకా బలమైన డెక్క కావాల్సి వచ్చింది.

కట్టుబడి సరుకు సున్నమే. సుద్దరాయిలోనూ ఉన్నది అదే. అయితే సుద్ద వేళ్ల మధ్య పొడి అవుతుంది, శంఖం నేల మీద పడినా సులువుగా పగలదు. తేడా అల్లికలో ఉంది. ప్లైవుడ్‌లో ఒక పలక నార నిలువుగా, దాని కింది పలక నార అడ్డంగా ఉన్నట్టు, గుల్లలోని సున్నపు పలకలు ఒకదానికొకటి అడ్డంగా పేర్చి ఉంటాయి. నడుమ పలుచగా ప్రొటీన్ జిగురు ఉంటుంది. పుట్టిన పగులు తిన్నగా సాగలేదు. అడుగడుగునా మలుపులు తిరిగి అలసి ఆగిపోతుంది. కరీబియన్ సముద్రపు రాణి శంఖం మీద 2000లో వచ్చిన అధ్యయనం ప్రకారం, అదే సున్నం ఉత్త స్ఫటికంగా ఉన్నప్పటి కన్నా గుల్లగా ఉన్నప్పుడు పగలగొట్టడానికి సుమారు వెయ్యి రెట్లు ఎక్కువ శక్తి ఖర్చవుతుంది.

ఈ ఇంటికి ఇంకో విశేషం ఉంది. పీత పెరిగినప్పుడల్లా పాత పెంకు విడిచి కొత్తది తొడుక్కుంటుంది. నత్త దేన్నీ విడవదు. ఒంటిని కప్పిన పలుచటి కండపొర వాకిలి అంచున కొత్త సున్నం చేరుస్తూ పోతుంది. కనుక అంచు నేటిది, మొన తొలినాటిది. శంఖం మొన దగ్గర చిన్న బొడిపె ఉంటుంది చూడండి, అది గుడ్డులో ఉండగా కట్టుకున్న గూడు. ఊదే శంఖానికి ఆ మొననే కోసి రంధ్రం చేస్తారు. అంటే శంఖం పలకాలంటే ముందు దాని బాల్యం పోవాలి.

కుడా, ఎడమా?

మొన పైకి, వాకిలి మనవైపు ఉండేలా పట్టుకోండి. వాకిలి కుడిచేతివైపు ఉంటే శాస్త్రవేత్తల లెక్కలో అది కుడిచుట్టు. శంఖాల్లో దాదాపు అన్నీ ఇవే. పూజలో పట్టుకునే తీరు తలకిందులు. తూము పైకి, మొన కిందికి. అందుకే శాస్త్రం ఎడమచుట్టు అన్నదాన్ని సంప్రదాయం దక్షిణావర్తం అంటుంది. ఇద్దరూ చూస్తున్నది ఒకే గుల్లను, పట్టుకున్న పద్ధతే వేరు. అలాంటి శంఖం బహు అరుదు. ఆ అరుదుతనానికే అంత ధర.

చుట్టు ఎటు తిరగాలో నత్త తన ఇష్టాన నిర్ణయించుకోదు. లిమ్నేయా అనే మంచినీటి నత్తలో ఆ సంగతి తల్లి జన్యువుల్లో ఉంటుందని 1923 నాటి నుంచే తెలుసు. పిల్ల సొంత జన్యువులు ఏమైనా, అమ్మ గుడ్డులో పెట్టిన సరుకే దారి చూపుతుంది. పిండం నాలుగు కణాల నుంచి ఎనిమిదికి చీలేటప్పుడు కణాలు ఒకవైపు మెలి తిరుగుతాయి. ఆ మెలికే చివరికి గుల్ల చుట్టు అవుతుంది. దీని వెనక ఉన్న జన్యువును 2016లో గుర్తించారు. 2019లో జపాన్ శాస్త్రవేత్తలు ఆ జన్యువును దెబ్బతీసి, కుడిచుట్టు వంశంలో ఎడమచుట్టు పిల్లలను పుట్టించారు. అంటే దిక్కు మారడానికి ఒక్క జన్యువు పాడైతే చాలు. ఆ ఎడమ నత్తలో అదనంగా వచ్చిన గుణం ఏమీ లేదు.

ఎడమ అన్నది జాతిని బట్టి అరుదు. నిర్మల్ కొండల్లోని ఫైసా వంశంలో ఎడమే మామూలు. దాని నేటి చుట్టం ఫైసా అక్యూటా అమెరికా నుంచి వచ్చి మన దేశపు కాలువల్లోనూ అక్వేరియం తొట్లలోనూ స్థిరపడింది. అదీ ఎడమచుట్టే, దాన్ని ఎవరూ కొనరు. అమెరికా తూర్పు తీరంలోనూ మెక్సికో సింధుశాఖలోనూ దొరికే బ్యుసికాన్ అనే పెద్ద నత్తల్లో కొన్ని జాతులకూ ఎడమే సహజం. మన మార్కెట్లో దక్షిణావర్త శంఖం పేరుతో అమ్ముడయ్యే వాటిలో ఆ అమెరికా నత్తలుంటాయి. గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. వాకిలి లోపల నడి స్తంభాన్ని వేలితో తడమండి. అసలు శంఖానికి అక్కడ మూడు నాలుగు గట్టి మడతలు తగులుతాయి. బ్యుసికాన్ స్తంభం నున్నగా ఉంటుంది. వర్మై చూపిన దారి ఇక్కడా పనికొస్తుంది, కన్ను మోసపోయినచోట వేలు చెబుతుంది.

పుట్టినచోటే పెరిగేది

సముద్రపు నత్తల్లో చాలావాటికి పసితనం ఒక దూరప్రయాణం. ట్రైటన్ అనే మరో పెద్ద ఊదుడు నత్త పిల్లలు ఈదే డింభకాలుగా పుట్టి, ప్రవాహాలతో నెలల తరబడి తేలుతూ మహాసముద్రాలే దాటగలవు. శంఖం అలా కాదు. తల్లి శంఖం పొట్టేలు కొమ్ములా మెలి తిరిగిన, అరలు అరలుగా ఉన్న గుడ్ల సంచిని ఇసుకలో నాటుతుంది. ఒక్కో అరలో చాలా పిండాలుంటాయి, బతికి బయటపడేవి కొన్నే. ఆ కొన్నీ ఈదే దశ లేకుండా, గుల్లతో సహా చిన్న శంఖాలుగానే ఇసుక మీదికి పాకుతాయి. తల్లి తిరిగిన ఇసుకే పిల్లకూ ఊరు.

అందుకే ఒక్కో తీరపు శంఖం ఒక్కో రూపంలో ఉంటుంది. అందుకే ఒకచోట ఏరి ఖాళీ చేస్తే, ఇంకోచోటి నుంచి పసివి తేలి వచ్చి ఆ లోటు పూడ్చవు. శంఖానికి గిరాకీ కొత్తగా వచ్చింది కాదు. సింధు నాగరికత కాలంలోనే గుజరాత్‌లోని నాగేశ్వర్‌లో ఈ శంఖాన్ని కోసి గాజులు చేశారు. తూత్తుకుడి శంఖాలు బెంగాలీ ముత్తయిదువల చేతికి గాజులయ్యాయి. మద్రాసు మత్స్యశాఖలో పనిచేసిన జేమ్స్ హార్నెల్ 1914లో ఈ శంఖం మీద పెద్ద పుస్తకమే రాశాడు. పట్టిన వాటిలో చిన్నవాటిని కొలిచి తిరిగి సముద్రంలో వదిలే పద్ధతి ఆ కాలంలోనే ఉంది. ఈదే పిల్లలు లేని ప్రాణికి అంతకన్నా పనికొచ్చే నియమం లేదు. ట్రైటన్ సంగతి ఇంకా కఠినం, వన్యప్రాణి రక్షణ చట్టం కింద దాన్ని పట్టడం, అమ్మడం నేరం.

కొనేటప్పుడు మనం అడిగే ప్రశ్న, శంఖం ఎటు తిరిగింది అని. దానికి నిర్మల్ కొండలు ఎప్పుడో జవాబు చెప్పాయి, రాళ్లలో ఎడమచుట్టు గుల్లలను పరిచి పెట్టి. అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఇది ఏ తీరపు ఇసుకలో పుట్టింది? అక్కడ దీని పిల్లలు ఇంకా పాకుతున్నాయా?