జింకకు మేతమడి - అమెరికా రైతు అనుభవము, మనకు పాఠము

పాడిపశువునకు గ్రాసము వేయు రైతులు మన గ్రామములలో ఎందరో కలరు. కాని అడవిలో తిరుగు జింక కొరకు నేల దున్ని, ఎరువు వేసి, విత్తనము చల్లు రైతును మనము చూచి యుండము. అమెరికా దేశములో ఇట్టి సేద్యము చాల ప్రాంతములలో వాడుకలో నున్నది. అక్కడ ఎండలు తగ్గి, మంచు పడుటకు ముందు, అనగా ఆగస్టు నుండి అక్టోబరు లోపల, పొలముల చివర, అడవి అంచున చిన్న చిన్న మడులు తయారు చేసి, జింకలు, అడవి టర్కీకోళ్ళు, కుందేళ్ళు వచ్చి మేయుటకే పైరు పెట్టుదురు. వీనిని మేతమళ్ళు అనవచ్చును.

మన రైతు జింకను పిలువవలసిన పని లేదు. పిలువకయే వచ్చి కంది, పత్తి, శనగ మొలకలను కొరికి పోవుచున్నది. అట్టి మనకు ఈ సేద్యముతో పని యేమి అని కొందరు అడుగవచ్చును. పని కలదు. జింక అడవిలో నిలుచుట గాని, చేనిలో దిగుట గాని ముఖ్యముగా మేతను బట్టియే జరుగును. ఏ ఋతువులో, ఏ స్థలములో మేత దొరికినచో జింక ఎటు నడచునో అమెరికా రైతు బాగుగా గమనించినాడు. అతడు పొందిన మేలును, కొని తెచ్చుకొన్న చిక్కును కూడ తెలిసికొని, మనకు తగినంత వరకే గ్రహింపవలెను.

అక్కడ ఎందుకు వేయుదురు?

అమెరికాలో విస్తారముగా నుండునది తెల్లతోక జింక. 1900 ప్రాంతమున విచ్చలవిడి వేట వలన, అడవులు నరికివేయుట వలన ఇది అనేక ప్రాంతములలో కానరాకుండ పోయినది. ఆ సంవత్సరముననే లేసీ చట్టము వచ్చి, చట్టవిరుద్ధముగా చంపిన జంతువులను ఒక రాష్ట్రము నుండి మరియొక రాష్ట్రమునకు తరలించి అమ్ముటను నిషేధించినది. 1937లో వేట తుపాకులు, తూటాలపై వచ్చు పన్నును వన్యప్రాణుల అభివృద్ధికి వెచ్చించునట్లు వేరొక చట్టము చేసిరి. వేటకు కాలము, పరిమితి నిర్ణయించిరి. ఈ కట్టుబాట్ల ఫలితముగా జింకలు తిరిగి పెరిగి, నేడు సుమారు 3 కోట్లు ఉన్నవని అంచనా.

మేతమడి వేయుటకు రెండు కారణములు. మొదటిది చలికాలపు ఆకలి. మంచు పడగానే గడ్డి ఎండును, ఆకు రాలును. నవంబరు ప్రాంతమున ఎద కాలము వచ్చును; అప్పుడు మగ జింకలు మేత మాని తిరిగి చాల బరువు తగ్గును. ఆ బరువును తిరిగి కూడదీసికొనుటకు పచ్చిమేత అవసరము. రెండవది వేట. అక్కడ అనుమతి పత్రము పొంది వేటాడు కాలము కూడ ఇదియే గనుక, జింక తన భూమికి వచ్చి కనబడవలెనని భూస్వామి ఈ మడి వేయును.

సేద్యపు పద్ధతి

మడికి పెద్ద భూమి అక్కర లేదు. పావు ఎకరము మొదలు రెండు ఎకరముల వరకు చాలును. అది దట్టమైన చెట్ల చాటునకు దగ్గరగా, వెడల్పు తక్కువగా, పొడవుగా ఉండవలెను. నట్టనడుమ బయలుగా నున్న మడిలోనికి జింక పగటివేళ అడుగు పెట్టుటకు జంకును.

మొదట చేయు పని భూసార పరీక్ష. అమెరికా తూర్పు భాగమున వానలు ఎక్కువగుటచే నేలలు ఆమ్ల గుణము కలిగియుండును. క్లోవర్ వంటి పప్పుజాతి మేతలకు ఉదజని సూచిక 6కు పైన ఉండవలెను గనుక, పరీక్షలో చెప్పిన మేరకు సున్నము కొన్ని నెలలు ముందుగానే వేసి కలియదున్నుదురు. సున్నము వేయక ఎంత ఎరువు వేసినను సగము వృథా యగును.

విత్తనములు మూడు తరగతులు. మొదటిది ధాన్యపు జాతి: గోధుమ, ఓట్స్, రై. ఇవి వారము దినములలో మొలచి, లేతగా నుండగనే మేతకు వచ్చును. వీనిలో చలికి అన్నిటి కంటె ఎక్కువగా తట్టుకొనునది రై. రెండవది పప్పుజాతి: క్లోవర్ రకములు. వీని ఆకులో మాంసకృత్తులు ఎక్కువ. రైజోబియం కల్చర్ పట్టించి విత్తినచో నత్రజని నేలకు కూడ లభించును. మూడవది ఆవజాతి: టర్నిప్, రేప్. మంచు పడిన పిమ్మట వీని ఆకులో తీపి పెరుగును. అంతవరకు ముట్టని జింకలు కూడ అప్పుడు వచ్చి తినును. గోధుమ ఒక్కటే వెదజల్లినచో ఎకరమునకు 45 కిలోల విత్తనము చాలును. క్లోవర్‌తో కలిపినచో అందులో సగము వేయుదురు. గోధుమ గింజ 2, 3 సెంటీమీటర్ల లోతున పడవలెను. క్లోవర్ గింజ మిక్కిలి సన్నము గనుక అర సెంటీమీటరు మించి పూడ్చకూడదు.

జింక ఒక్కటే వచ్చునని తలపరాదు. క్లోవర్ ఆకును, దానిపై చేరు పురుగులను ఏరుటకు టర్కీకోళ్ళు వచ్చును. రాలిన గింజలకు పూరేడు పిట్టలు చేరును.

వలయ పరీక్ష

అమెరికా రైతు చేయు ఒక చిన్న పని మనకు కూడ ఉపయోగించును. విత్తిన వెంటనే మడిలో ఒకచోట మీటరు వెడల్పున ఇనుప జాలీని గుండ్రముగా చుట్టి, మేకులతో బిగించును. ఆ వలయములోని పైరును ఏ జంతువు తినజాలదు. నెల గడచిన పిదప లోపలి పైరు ఎత్తును, బయటి పైరు ఎత్తును పోల్చి చూచును. లోపల జానెడు, బయట బెత్తెడు ఉన్నచో తేడా అంతయు జంతువులు తిన్నదే. లోపల కూడ పైరు గిడసబారినచో తప్పు జింకది కాదు. విత్తనముదో, నేలదో, వానదో అని తేలును.

మేలు వెంట వచ్చిన కీడు

మేత పెరిగిన చోట మంద పెరుగును. జింకలు మితిమీరిన ప్రాంతములలో చిన్న మడిని మొలకలోనే నేలమట్టము చేసి, ప్రక్కనున్న సోయా, మొక్కజొన్న చేలలో దిగుచున్నవి. అడవిలో కొత్తగా మొలచు చెట్లను కూడ కొరికివేయుటచే అడవి తిరిగి పెరుగుట కష్టమగుచున్నది.

రెండవ కీడు రోగము. 1967లో కొలరాడో రాష్ట్రమున పెంపకపు జింకలలో ఒక శుష్కింపు రోగము మొదట కనబడినది. చొంగ, మూత్రము, పేడల ద్వారా వ్యాపించు ఈ రోగమునకు నేటికిని మందు లేదు. ధాన్యము ఒకచోట కుప్ప పోసినచో మంద అంతయు అక్కడనే మూతి పెట్టును గనుక, చాల రాష్ట్రములు కుప్పమేతను నిషేధించినవి, లేక దానికి హద్దులు పెట్టినవి. అదియును గాక, చలికాలములో ఆకు, కొమ్మ తిని బ్రతుకు జింకకు హఠాత్తుగా గింజలు పెట్టినచో కడుపులో పులుపు పుట్టి చచ్చును. గాదెలో దూరి జొన్నలు మెక్కిన ఎద్దునకు ఏమగునో మన రైతుకు తెలిసినదే. కావున అడవి దారులలో బండ్లు ఆపి దుప్పులకు బిస్కట్లు, అన్నము వేయుట పుణ్యము కాదు, అపకారము.

మన నేలకు వర్తించునా?

మూడు భేదములు గుర్తుంచుకొనవలెను.

మొదటిది చట్టము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద మన దేశమున జింకల వేట నిషిద్ధము. కృష్ణజింక మొదటి షెడ్యూలులోనిది. దానిని చంపినవారికి 3 ఏండ్లకు తక్కువ కాకుండ 7 ఏండ్ల వరకు జైలుశిక్ష పడును. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక. తెలంగాణ రాష్ట్ర జంతువు చుక్కల జింక. కాబట్టి జింకను చేను వైపు ఆకర్షించు మేతమడి మన రైతుకు నష్టమే తప్ప లాభము లేదు.

రెండవది ఋతువు. అక్కడ ఆకలి చలికాలములో వచ్చును. ఇక్కడ వేసవిలో వచ్చును. మార్చి మొదలు తొలకరి వరకు అడవి గడ్డి ఎండి నిస్సారమగును. ఆ కాలమున దుప్పులు ఇప్పపూవు, రాలిన ఉసిరి, మర్రి, జువ్వి పండ్లు తిని, కొండముచ్చులు తుంచి పడవేసిన ఆకుల క్రింద గుమిగూడి గడుపుకొనును. తొలకరి వానకు చేనిలో మొలక రాగానే అదియే వానికి మొదటి లేతమేత. శరదృతువు ముగియునప్పటికి అడవి గడ్డి ముదిరి పీచెక్కును. నల్లరేగడిలో శనగ అప్పుడే మొలచును. మన చేలకు ముప్పు వచ్చు వేళలు ఇవి రెండు.

మూడవది జాతి. దుప్పి అడవి అంచున మేయును. కణుజు కొండ మీద ఆకును, కొమ్మను తినును. కృష్ణజింక చెట్లు లేని మైదానమున తిరుగును. కొండలోని మేతమడి కృష్ణజింకను చేలనుండి తప్పింపజాలదు. దుంపలకు నేల త్రవ్వు అడవిపందికి గడ్డిమడి చాలదు.

రోళ్ళపాడు చెప్పు పాఠము

మేత పెరిగిన మంద పెరుగుననుటకు మన నేలపైననే నిదర్శన మున్నది. నేటి నంద్యాల జిల్లాలోని రోళ్ళపాడులో బట్టమేక పక్షి రక్షణకై 1988లో 614 హెక్టార్లను అభయారణ్యముగా ప్రకటించిరి. పశువుల మేపు తగ్గుటచే గడ్డి ఏపుగా పెరిగినది. ఆ గడ్డిలో కృష్ణజింకలు పదుల నుండి వందలకు పెరిగి, చుట్టుప్రక్కల చేలపై పడినవి. నష్టపడిన రైతులకు అభయారణ్యము మీదనే మనసు విరిగినది. ఏ పక్షి కొరకు ఇంత చేసిరో ఆ పక్షి ఇప్పుడు కనబడుటయే అరుదు. అడవికి మేత కల్పించునప్పుడు, చుట్టునున్న రైతు పంటకు రక్షణ కూడ అదే పథకములో చేరవలెనని ఇందువలన తేలుచున్నది.

గ్రామములో చేయదగినవి

1. నష్టము చేసిన జంతువును గుర్తింపుడు. జింకకు పై దవడ ముందు పండ్లు లేవు గనుక మొక్కను లాగి త్రెంచును. కొన చీలికలుగా నుండును. మేక కొరికినను ఇట్లే యుండును గనుక గిట్టల జాడ కూడ చూడవలెను. కుందేలు కత్తితో కోసినట్లు ఏటవాలుగా కొరుకును. పంది నేల పెళ్ళగించును.

2. అడవిలోని మేత పని అటవీశాఖది. అనుమతి లేక ఎవరును అభయారణ్యములో విత్తనము చల్లరాదు. అయితే లాంటానా పొదలు, సర్కారు తుమ్మ అల్లుకొన్న చోట గడ్డి మొలవదు. వానిని వేళ్ళతో తీయించి, తొలకరిలో స్థానికపు గడ్డి జాతులను పెంచవలసినదిగా వన సంరక్షణ సమితి ద్వారా కోరవచ్చును. వేసవిలో సాసర్లలో నీరు నింపుటకు, నిప్పు పడకుండ గీతలు తీయుటకు గ్రామస్థులు సాయపడవలెను.

3. మన అసలు మేతమడి ఊరి పశువుల కొరకు వేయవలెను. అడవిలో మేయు ప్రతి ఆవు, ప్రతి మేక జింక తినవలసిన గడ్డినే తినును. గ్రామపు బంజరులో, గట్లపైన తొలకరికి అంజన్ గడ్డి ఎకరమునకు 2 కిలోలు, లేక స్టైలో 4 కిలోలు చల్లవచ్చును. స్టైలో గింజను మరుగుకు దిగువనున్న వేడినీటిలో, అనగా 80 డిగ్రీల వేడిలో, 4 నిమిషములు ముంచి ఆరబెట్టినచో బాగుగా మొలచును. వరి కోసిన మాగాణిలో పదునుండగనే పిల్లిపెసర వేసికొనవచ్చును. ఊరి పశువునకు ఊరిలో మేత దొరికినచో అడవి గడ్డి జింకకు మిగులును. అడవిలో కడుపు నిండిన జింక చేనిలో దిగుట తగ్గును.

4. అడవి ప్రక్క గ్రామములలో పశువులకు గాలికుంటు టీకాలు తప్పక వేయింపవలెను. ఈ రోగము పశువుల నుండి జింకలకును, జింకల నుండి పశువులకును సోకును.

5. అడవి వైపు గట్టున కూరగాయలు, బొబ్బర్లు వంటి లేతపైరు పెట్టరాదు. అడవిపంది బెడద యున్న వేరుసెనగ చుట్టు 4 వరుసల కుసుమ దగ్గర దగ్గరగా విత్తినచో ముండ్ల కంచె వలె పనిచేయును.

6. విత్తిన నాడే చేనిలో రెండు మూడు చోట్ల జాలీ వలయములు పెట్టుడు. నష్టపరిహారము కోరునప్పుడు లోపలి పైరును, బయటి పైరును ప్రక్కప్రక్కన చూపగలిగినచో అంచనాకు వచ్చు అధికారికి సందేహ ముండదు. నష్టము జరిగిన వెంటనే అటవీశాఖకు, గ్రామాధికారికి తెలుపవలెను. చేను దున్నివేసిన పిదప చెప్పినచో చూచుటకు ఏమియు మిగలదు.

7. చేని చుట్టు కరెంటు తీగ కట్టుట ఘోరమైన నేరము. ఆ తీగకు జింక పడును, ఎద్దు పడును, రాత్రి నీరు పెట్టుటకు పోయిన ప్రక్క పొలము రైతు కూడ పడును. ఇట్టి మరణములు వార్తలలో చూచుచునే యున్నాము. గ్రామాధికారులు ఈ విషయమున ఎంతమాత్రము ఉపేక్షింపరాదు.

అమెరికా రైతు జింక కొరకు విత్తనము చల్లుచున్నాడు. మనము పశువు కొరకు చల్లినచో చాలును. అడవి అంచు గ్రామముల రైతులు రాబోవు తొలకరికి ముందే తమ గ్రామ బంజరును చూచి, పంచాయతి అనుమతి పొంది, కనీసము ఒక ఎకరములోనైన గడ్డి వేసి చూడవలెను. విత్తనమునకు, సలహాలకు సమీపములోని వ్యవసాయ, పశుసంవర్ధక శాఖల అధికారులను సంప్రదింపవచ్చును.