శునకముతో ద్వీపయాత్ర

ఇంట పెరిగిన మూగప్రాణిని విడిచి పదిదినములు పరస్థలమున నుండుట గృహిణికి సులభమైన పని కాదు. మన మెచ్చటికి పోయినను, తిరిగి వచ్చువరకు వాకిట చెవులు నిక్కించుకొని కాచుకొనియుండు కుక్క మన మనస్సును వెన్నంటియే యుండును. అందుచేత ఈ కాలమున సెలవులకు సముద్రతీరములకును ద్వీపములకును పోవు కుటుంబములు కుక్కను గూడ వెంట గొనిపోవ నుత్సహించుచున్నవి. ఉద్యోగముల నిమిత్తము అమెరికాలో స్థిరపడిన మన తెలుగు బిడ్డలలో కుక్కను పెంచుకొనువారు పలువురు గలరు. వారిలో హవాయీ దీవుల యాత్ర తలపెట్టిన ప్రతి యింటను, “దీనిని గూడ తీసికొనిపోదమా, విడిచి పోదమా?” యను ప్రశ్న రాక మానదు. ఆ ప్రశ్నకు సమాధానము మన ప్రేమ యెంత యను దానిపై గాక, మన ముందుచూపు ఎంత యను దానిపై ఆధారపడియున్నది.

మహాప్రస్థానమున ధర్మరాజు వెంట కడవరకు నడచినది కుక్కయే గదా! దివ్యరథము నెక్కుమని ఇంద్రుడు పిలిచి, కుక్కకు స్వర్గమున చోటు లేదనగా, నమ్మి వెంట వచ్చినదానిని విడిచి స్వర్గమునకైనను రానని ఆ మహాత్ముడు నిలిచిపోయెను. హవాయీ ద్వారమున గూడ అట్టి కావలి యొకటి యున్నది. అయితే ఇచ్చటి ద్వారపాలకులు ధర్మపరీక్ష చేయరు, రక్తపరీక్ష యడుగుదురు. పట్టుదలతో వాదించినంత మాత్రమున ఆ తలుపు తెరువబడదు. కారణము తెలిసికొన్నచో వారి కాఠిన్యము కాఠిన్యముగా తోచదు.

ఆ కారణము పిచ్చికుక్క వ్యాధి. దీనినే ఇప్పుడు రేబీస్ అందురు. మన పూర్వులకు ఇది క్రొత్త కాదు. సుశ్రుతసంహితలోని కల్పస్థానమున వెఱ్ఱికుక్క లక్షణములును, దాని కాటు తినినవారు నీటిని జూచి బెదరు జలత్రాసమును వర్ణింపబడియున్నవి. కఱచిన గంటు నుండి ఈ విషక్రిమి నరముల వెంట మెల్లమెల్లగా మెదడునకు ప్రాకును. దీనికి కొన్ని వారములు పట్టవచ్చును. కొన్ని నెలలును పట్టవచ్చును. అంతవరకు ఆ ప్రాణి ఆరోగ్యముగనే కనబడును. లక్షణములు పైకి తెలిసిన పిదప బ్రతికించు మందు నేటికిని లేదనియే చెప్పవలెను. 1885లో పాశ్చరు పండితుడు కనిపెట్టిన టీకా, కాటు పడిన వెంటనే వేయించుకొనిననే మనుష్యుని కాపాడును. వీధికుక్కలతో నిండిన మన దేశమున ఈ భయ మెట్టిదో వేరుగ చెప్పనక్కఱలేదు.

హవాయీ అట్టి భయము లేని తావు. అమెరికా సంయుక్తరాష్ట్రములు ఏబదింటిలో రేబీస్ లేని రాష్ట్ర మది యొక్కటే. కాలిఫోర్నియా తీరమునకును దానికిని నడుమ సుమారు 3,800 కిలోమీటర్ల మహాసముద్రము గలదు. ఆ సముద్రమే ఆ ద్వీపములకు కోటగోడ. అచ్చట బిడ్డను కుక్క కఱచిన తల్లి గాయమును గూర్చి చింతించునే గాని, మన తల్లుల వలె ప్రాణమును గూర్చి గుండెలు బాదుకొనవలసిన పని లేదు. ఒక్క రోగపు కుక్క ఆ గోడ దాటినచో, అది అచ్చటి కుక్కలకును, అడవులలో విచ్చలవిడిగా తిరుగు ముంగిసలకును తగులుకొనవచ్చును. ఎలుకలను చంపుటకని 1883లో తెచ్చి వదలిన ఆ ముంగిసలు నేడు పెక్కు దీవులలో పెరిగిపోయినవి. వానికి ఈ రోగము సోకెనా, మరల తుడిచివేయుట యెవరి తరము?

కావుననే 1912లో అచ్చటి ప్రభుత్వమువారు క్వారంటైను పద్ధతిని నెలకొల్పిరి. వచ్చిన ప్రతి కుక్కయు, ప్రతి పిల్లియు 120 దినములు వేరుగ నుంచబడవలెను. నాలుగు నెలలు! యజమాని పోయి చూచి రావచ్చునే గాని ఇంటికి గొనిపోరాదు. టీకాలును రక్తపరీక్షలును నమ్మదగినవైన పిదప, నియమములు పాటించిన ప్రాణులకు 1997లో ఈ కాలమును 30 దినములకు తగ్గించిరి. 2003 నుండి అన్నియు సక్రమముగ నున్నచో అయిదు దినములు గాని, అంతకు తక్కువగ గాని చాలునను ఏర్పాటు చేసిరి. పత్రములు పరిపూర్ణముగ నున్న కుక్క దిగిన దినముననే విమానాశ్రయము నుండి యజమానురాలి వెంట పోవచ్చును. లోపమున్నచో ఆ పాత 120 దినముల నియమము నేటికిని కాచుకొనియే యున్నది.

ఇక చేయవలసిన పనులను క్రమముగ చెప్పెదను. ఇందు క్రమమే ముఖ్యము.

మొట్టమొదట కుక్క మెడవద్ద చర్మము క్రింద మైక్రోచిప్ వేయించవలెను. ఇది బియ్యపుగింజ యంత యుండి, లోపల ఒక సంఖ్యను దాచుకొని యుండును. రక్తపరీక్ష పత్రముపై ఈ సంఖ్య యుండవలెను గాన, రక్తము తీయుటకు ముందే చిప్ ఉండితీరవలెను. పిదప రేబీస్ టీకాలు. కుక్క జీవితకాలమున కనీసము రెండు టీకాలు పడియుండవలెను. రెంటికిని నడుమ 30 దినములకు తక్కువ గాని యెడ ముండవలెను. కడపటి టీకా వేసి ద్వీపము చేరునాటికి 30 దినములు గడచియుండవలెను. దాని గడువు తీరిపోయి యుండరాదు.

టీకా వేసినంత మాత్రమున అది పట్టినదని నమ్మరు. రక్తమును తీసి, అంగీకృతమైన ప్రయోగశాలకు పంపవలెను. కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయమున ఇట్టి ప్రయోగశాల గలదు. రక్తములో రేబీస్‌ను ఎదిరించు శక్తి మిల్లీలీటరునకు 0.5 అంతర్జాతీయ యూనిట్లకు తగ్గకుండ నుండవలెను. ప్రయోగశాలవారికి రక్తము చేరిన మరునాటి నుండి 30 దినములు పూర్తియైన పిదపనే కుక్క హవాయీలో కాలు మోపవలెను. ఫలితము వచ్చినదిగదా యని తొందరపడి ఒక దినము ముందు దిగినను నియమము తప్పినట్లే.

ప్రయాణము సమీపించినపుడు మఱి మూడు పనులు గలవు. పత్రములు అచ్చటి కార్యాలయమునకు రాకకు పదిదినములు ముందుగ చేరవలెను. పశువైద్యుని ఆరోగ్యపత్రము ప్రయాణమునకు 14 దినముల లోపలిదై యుండవలెను. ఆ 14 దినముల లోపలనే పిడుదులు పోవు మందు కూడ వేయించి, ఆ మందు పేరును తేదీని పత్రమున వ్రాయించవలెను. సామాన్యముగ కుక్కలు హోనొలూలూ విమానాశ్రయముననే దిగవలెను. కవాయీ, మావీ మున్నగు ఇతర దీవులకు నేరుగ పోగోరువారు ముందుగ ప్రత్యేకానుమతి పొందవలెను. ఇవన్నియు లెక్కించి చూచిన, రెండవ టీకా కూడ లేని కుక్కకు నాలుగైదు నెలల ముందే పని మొదలుపెట్టవలెను. విమానపు టిక్కెట్టు కొనుటకు ముందు పంచాంగము చూచినట్లు ఈ తేదీలను చూచుకొనవలెను.

ఆదిపర్వారంభమున సరమ కథ మన మెఱిగినదే. జనమేజయుని సోదరులు యజ్ఞశాలయందు ఆమె కొడుకును, ఏ తప్పును చేయని కుక్కపిల్లను, కొట్టిరి. ఆ తల్లి రాజును నిలదీసి యడిగెను. మన మొక తేదీని మఱచి, ఒక పత్రము నింట విడిచి, కుక్కను విమాన మెక్కించినచో జరుగునదియు అదియే. తప్పు మనది, చెఱ దానిది. అడుగుటకు దానికి సరమ వంటి తల్లియు లేదు.

ప్రయాణమును గూర్చియు కొంత యోచింపవలెను. అమెరికా పడమటి తీరము నుండి హవాయీకి అయిదుగంటలకు పైబడిన విమానయానము. కుక్కకు మనవలె మేనంతయు చెమట పట్టదు; నాలుక వెలికి చాచి రొప్పుటచేతనే అది వేడిని పోగొట్టుకొనును. కావున పగ్, బుల్‌డాగ్ వంటి పొట్టిముక్కు జాతులకు ఉక్క ప్రాణాపాయము. పెక్కు విమానసంస్థలు వానిని సామానులగదిలో నెక్కించుకొనుటకు ఒప్పుకొనవు. నిదురమందు వేసి పంపుట క్షేమమని కొందఱు తలంతురు. అది ఊపిరిని, రక్తపు పోటును క్రుంగదీయును గాన వైద్యులు వలదందురు. ప్రయాణపు పెట్టెను కొన్ని వారములు ముందుగనే ఇంట నుంచి, దానిలోనే అన్నము పెట్టి, అది తన పడకయే యని కుక్క తలంచునట్లు చేయుట మేలు.

ద్వీపము చేరిన పిదప జాగ్రత్త వేఱు. నడియెండలో నల్లని లావా ఇసుక పెనము వలె కాలును. మన చేతిని ఇసుకపై కొన్ని క్షణములు ఉంచలేకపోయినచో కుక్క పాదములు గూడ ఓర్వలేవు. సముద్రపు నీరు త్రాగిన కుక్కకు వాంతులును విరేచనములును పట్టుకొనును. కావున మంచినీరు ఎల్లప్పుడు వెంట నుండవలెను. ఏళ్లలోను మడుగులలోను ఎలుకల మూత్రము వలన ప్రబలు జ్వరము కుక్కకును మనుష్యునికిని గూడ రాగలదు. 1932లో చెఱకు తోటల పురుగులను తినుటకై తెచ్చిన పెద్ద కప్పలను కుక్క నోట కఱచినచో వాని విషమునకు ప్రాణము మీదికి వచ్చును. ఒకప్పుడు దోమలే లేని ఆ దీవులకు 1826లో ఓడలో నీటిపీపాలతోపాటు దోమలును వచ్చినవి. నేడు ఆ దోమకాటు వలన కుక్క గుండెలో పురుగులు చేరుచున్నవి. ఇవన్నియు మనుష్యులు వెంట గొనిపోయినవియే యని పాఠకురాండ్రు గమనింతురు గాక! ద్వారపాలకుల అనుమానమునకు ఇదియే మూలము.

మన కుక్క వలన ఆ దీవికి గలుగు బాధ గూడ స్వల్పము కాదు. అచ్చట నేలపై బొరియలలో గ్రుడ్లు పెట్టు సముద్రపక్షులు గలవు. త్రాడు లేని కుక్క ఒక్క రాత్రిలో ఎన్నో గూళ్లను పాడుచేయగలదు. ఇసుకపై నిద్రించు మాంక్ సీలు అను నీటిజంతువులు లోకమంతటిలోను ఇంచుమించు 1,600 మాత్రమే మిగిలియున్నవి. కుక్కల నుండి వచ్చు డిస్టెంపరు వంటి వ్యాధులు వానికి సోకునేమో యను భయమున 2016 నుండి ఆ జాతి రోగమునకు వానికి టీకాలు వేయుచున్నారు. కావున మన కుక్కకు ఆ టీకా తప్పక వేయించి, తీరమున త్రాడు విడువకుండుట అతిథిధర్మము.

మన దేశమున ద్వీపయాత్ర తలపెట్టినవారు గూడ ఈ సంగతిని గుర్తెఱుగవలెను. లక్షద్వీపములలో కుక్కలే లేవు. కొనిపోవుటకు అనుమతియు లేదు. ఇక అండమాను దీవులు. విశాఖపట్టణము నుండి ఓడపై పోయి అచ్చట స్థిరపడిన తెలుగువారు పలువురు గలరు. ఆ దీవులలోని ఆదిమవాసులకు 1858లో తెల్లవారు చెఱసాలపట్టు నెలకొల్పువరకు కుక్కయన నేమో తెలియదు. నేడు దిక్కులేక తిరుగు కుక్కలు అచ్చటి ఇసుకతీరములలో తాబేళ్ల గ్రుడ్లను త్రవ్వి తినుచున్నవి. ముద్దుగా తెచ్చినది దిక్కులేనిదై మిగిలిన, దాని పాపము తెచ్చినవారిదే.

సోదరీమణులారా! కుక్కను వెంట గొనిపోవుట యెప్పుడు తగును? ద్వీపమున నెల రెండు నెలలు నివసింపబోవువారికిని, అచ్చటికే కాపురము మారువారికిని, ముందుగ అన్ని పనులు చేసికొన్నవారికిని తగును. వారమునకో పదిదినములకో పోవువారు మాత్రము ఒక ప్రశ్న వేసికొనవలెను: ఈ సూదులు, ఈ పెట్టె, ఈ విమానపు హోరు కుక్క సంతోషము కొఱకా, మన సంతోషము కొఱకా? కుక్కకు సముద్రపు సొగసుతో పనిలేదు. దానికి కావలసినవి వేళకు అన్నము, తెలిసిన చేయి, మన వాసన గల పాత చీర.

అట్లు విడిచిపోవలసివచ్చినచో, దానికి పరిచయమైన బంధువునో ఇరుగుపొరుగువారినో ముందుగ కొన్నిదినములు అన్నము పెట్టుటకు పిలిచి అలవాటు చేయవలెను. తినువేళను, తిరుగువేళను, వైద్యుని చిరునామాను కాగితముపై వ్రాసి యీయవలెను. పోవునప్పుడు కౌగిలించుకొని కంటతడి పెట్టక, సంతకు పోయినట్లు మామూలుగ గుమ్మము దాటవలెను. మన దిగులును అది మనకన్న ముందే పసిగట్టును.

ధర్మరాజు చేసినది కుక్కను స్వర్గము చూపించుట కాదు, నమ్మినదాని కన్యాయము చేయకుండుట. వెంట గొనిపోయినను, ఇంట విడిచినను, ఆ ధర్మము మాత్రము మనకు తప్పదు.