పసిబిడ్డకు ఇంటి బొమ్మ : చరకుని ఎనిమిది కొలతలు

పసిబిడ్డకు పాలు, నిద్ర ఎంత అవసరమో ఆట కూడా అంతే అవసరము. ఆడుకొనే బిడ్డ హఠాత్తుగా ఆట మానినచో తల్లి మొదట నుదుటి మీద చేయి వేసి చూస్తుంది. ఆరోగ్యమునకు ఆట అంతటి గుర్తు.

మా కోనసీమలో ఒకప్పుడు బొమ్మలు కొనుట అరుదు. పెరటిలోని కొబ్బరాకుతో చిలుక, బూర, గాలిమర, తాటాకుతో గిలక్కాయ, తాటిబుర్రలతో బండి, అరటిదొప్పతో పడవ. తాతలు, అమ్మమ్మలు మాటలాడుతూనే ఇవి చేసి ఇచ్చేవారు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థములోనో, అంతర్వేది తీర్థములోనో ఒక బొమ్మ కొన్నచో అది ఏడాది పండుగ.

నేడు మా వైద్యశాలకు వచ్చే తల్లులు తరచుగా ఒక ప్రశ్న వేస్తున్నారు. "ప్లాస్టిక్ బొమ్మలన్నీ నోట్లో పెట్టేసుకుంటున్నాడండీ. ఇంట్లో చేసినవి ఇవ్వొచ్చా డాక్టరుగారూ?" నిస్సందేహముగా ఇవ్వవచ్చును. అయితే ఇంట చేసినదంతా క్షేమమని తలచుట పొరపాటు. ఆ పొరపాటు చేసినవాడను నేనే.

గిలక్కాయ నేర్పిన పాఠము

ముప్పై ఏండ్ల నాటి మాట. మా అమ్మాయికి అప్పుడు ఏడవ నెల. లేత తాటాకు చీల్చి, నాలుగు చింతపిక్కలు లోపల వేసి, నా చేతులతో గిలక్కాయ అల్లి ఇచ్చాను. మూడు రోజులు ఇల్లంతా ఆ చప్పుడే. ఆకు ఎండి అల్లిక వదులైన సంగతి ఎవరమూ గమనించలేదు. నాలుగవనాడు సాయంకాలము ఆ చప్పుడు ఆగిపోయినది. చూచేసరికి బిడ్డ నోరు తెరచి ఉన్నది. ఏడుపు రావడము లేదు, పెదవులు నల్లబడుతున్నాయి.

నేను కంగారుపడి బిడ్డ నోటిలో వ్రేలు పెట్టి వెదకాను. పిక్క మరింత లోపలికి పోయినది. మా ఇల్లాలి కేకకు పక్కింటి నర్సమ్మగారు పరుగున వచ్చి, నా చేయి త్రోసివేసి, బిడ్డను ముంజేతిపై బోర్లా పరుండబెట్టి, వీపు మీద అరచేతితో చరచినది. నాలుగవ దెబ్బకు పిక్క నేల మీద పడినది, ఏడుపు వినబడినది. అంత తీయని ఏడుపు నేను మరల వినలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. గురుకులములో చరకసంహిత శారీరస్థానము ఎనిమిదవ అధ్యాయము ఎన్నిసార్లు వల్లించానో లెక్క లేదు. బిడ్డల ఆటవస్తువు ఎట్లుండవలెనో అందులోనే ఉన్నది. నోటికి వచ్చిన శ్లోకము చేతికి రాలేదు.

చరకుడు చెప్పినదేమి?

ఆ అధ్యాయమున ఆటవస్తువునకు ఎనిమిది లక్షణములు చెప్పబడినవి. రంగురంగులుగా ఉండవలెను, చప్పుడు చేయవలెను, చూడ ముచ్చటగా ఉండవలెను, బరువు ఉండరాదు, కొన వాడిగా ఉండరాదు, నోటిలో దూరరాదు, ప్రాణమునకు ముప్పు తేరాదు, బిడ్డను భయపెట్టరాదు. మొదటి మూడు బిడ్డ సంతోషము కొరకు. తక్కిన ఐదు బిడ్డ ప్రాణము, మనస్సుల రక్షణ కొరకు. నేను అల్లిన గిలక్కాయ మొదటి మూడింట నెగ్గినది. ఆరవదానిలో ఓడినది, ఏడవది తప్పినంత పని అయినది.

వాగ్భటుని అష్టాంగసంగ్రహము లక్కతో చేసిన, ఆవు, గుర్రము, పండు వంటి ఆకారములు గల పెద్ద బొమ్మలను చెప్పినది. మన ఏటికొప్పాక పనివారు అంకుడు కఱ్ఱపై లక్క, సహజమైన రంగులు పట్టించి చేసే బొమ్మలు ఈ మాటకు దగ్గరివి. వాటికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. అయితే అందులోనూ చిన్న చిన్న భాగములు గలవి పసివారికి పనికిరావు.

ఇంట చేసుకొను విధానము

ఊయల చిలుకలు (పుట్టినది మొదలు నాలుగు నెలల వరకు) : అప్పుడే పుట్టిన బిడ్డకు సుమారు అడుగు దూరములోని వస్తువే స్పష్టముగా కనబడును. పచ్చి కొబ్బరాకుతో అల్లిన చిలుకలను, ఎఱ్ఱ గుడ్డ పట్టీలను ఊయల పైన గట్టిగా కట్టవలెను. బిడ్డ చేతికి అందరాదు. ఆకు వాడగానే మార్చవలెను. బిడ్డ చేయి చాచి లాగ నేర్చినంతనే తీసివేయవలెను.

చిప్పబిళ్ళల గిలక (నాలుగు నెలల నుండి) : నా తాటాకు గిలకకు బదులుగా నేను కనుగొన్నది ఇదే. ముదురు కొబ్బరిచిప్ప నుండి రెండంగుళములకు తగ్గని వెడల్పుగా మూడు గుండ్రని బిళ్ళలు కోయవలెను. అంచులు బుగ్గకు రాచుకొన్నా గుచ్చుకొననంతగా గరుకు కాగితముతో నునుపు చేయవలెను. నడుమ రంధ్రము చేసి, నీటిలో మరిగించి, ఎండబెట్టి, కొబ్బరినూనె పట్టించవలెను. లావుపాటి నూలుత్రాడునకు గ్రుచ్చి, కొసలు కలిపి ముడి వేసి, ముడిని దారముతో కుట్టివేయవలెను. త్రాడు మొత్తము జానెడు మించరాదు. బిళ్ళలే ఒకదానికొకటి తగిలి మ్రోగును. లోపల గింజ లేదు కనుక రాలునదీ లేదు. వార్నిష్, రంగు వేయరాదు.

గుడ్డబంతి (ఆరు నెలల నుండి) : పాత నేతచీర గాని, పంచె గాని మరిగే నీటిలో ఉతికి ఆరవేయవలెను. బండారులంక నేత వంటి మెత్తని నూలుబట్ట శ్రేష్ఠము. బత్తాయిపండు అంత బంతి కుట్టి, లోపల గుడ్డపీలికలే కూరవలెను. పీచు, గింజలు కూడవు. రెండు వరుసల కుట్టు అవసరము. బొమ్మగా చేసినచో కన్నులకు గుండీలు, పూసలు వద్దు, దారముతోనే కుట్టవలెను. పసుపు రంగు కావలెనన్నచో ఇంట దంచిన కొమ్ముల పసుపే వాడవలెను. బజారు పొడిలో సీసము గల రంగు కలిపే కల్తీ ఉన్నది.

గిన్నెలు, చిప్పలు (ఎనిమిది నెలల నుండి) : ఒకదానిలో ఒకటి ఇమిడే స్టీలు గిన్నెలు మూడు, కొయ్య గరిటె ఒకటి చాలును. పెట్టుట, తీయుట, కొట్టుట వలన వ్రేళ్ళకు, చూపునకు, బుద్ధికి పొందిక కలుగును.

నడకబండి (నిలబడిన తరువాత) : బిడ్డ వెనుక నిలిచి త్రోసే మూడు చక్రముల కొయ్యబండిని వడ్రంగి చేత చేయించవలెను, పెద్దల కన్ను దానిపై ఉండవలెను. బిడ్డను లోపల కూర్చుండబెట్టే చక్రముల వాకర్ వద్దు. ప్రమాదముల కారణముగా కెనడా 2004లో వాటి అమ్మకమునే నిషేధించినది. తాటిబుర్రల బండి మూడేండ్లు దాటిన పిల్లలకే.

వీటిని దగ్గరకు రానీయరాదు

అంగుళమున్నర అడ్డుకొలత గల గొట్టములో పట్టే వస్తువేదీ మూడేండ్ల లోపు బిడ్డకు ఇవ్వరాదు. చింతపిక్కలు, గవ్వలు, నాణెములు, పగిలిన బెలూను ముక్కలు ఇందులోనివే. గురువింద చూడ ముచ్చట. కాని మా శాస్త్రము దానిని ఉపవిషములలో చేర్చినది. నలిగిన గింజ ఒక్కటైనా పసివానికి ప్రాణాపాయము. ఆముదపు గింజలూ అట్టివే. బిళ్ళ బ్యాటరీలు గొంతులో చిక్కినచో కొద్ది గంటలలోనే అన్నవాహికను కాల్చివేయును. కొన్న బొమ్మలపై ఐ.ఎస్.ఐ. గుర్తు చూడవలెను, 2021 జనవరి 1 నుండి అది తప్పనిసరి అయినది.

గొంతులో అడ్డుపడినచో

బిడ్డ గట్టిగా దగ్గుతున్నచో దగ్గనివ్వవలెను. దగ్గు, ఏడుపు రాకున్నచో, ఏడాది లోపు బిడ్డను ముంజేతిపై బోర్లా, తల క్రిందికి ఉండునట్లు పట్టుకొని, రెండు రెక్కల నడుమ అరచేతి మడమతో ఐదు దెబ్బలు వేయవలెను. రాకున్నచో వెల్లకిల త్రిప్పి రొమ్ము ఎముక దిగువ సగముపై రెండు వ్రేళ్ళతో ఐదుసార్లు నొక్కవలెను. వస్తువు వచ్చువరకు ఇట్లే మార్చి మార్చి చేయుచు, మరొకరి చేత 108కి ఫోను చేయించవలెను. కనబడని వస్తువు కొరకు నోటిలో వ్రేలు పెట్టరాదు.

ఎనిమిదవ మాట

బొమ్మ భయపెట్టరాదన్న చరకుడు, బిడ్డ ఏడ్చినా, అన్నము తినకున్నా రాక్షసుల పేర్లు చెప్పి బెదిరించరాదని కూడా అన్నాడు. "బూచాడు వస్తున్నాడు" అనే ఇండ్లన్నిటికీ ఈ మాట వర్తించును.

వారమునకొకసారి బిడ్డ బొమ్మలన్నీ వేడినీట కడిగి, ఎండలో పెట్టి, ముడులు, కుట్లు లాగి చూడండి. వదులైనది వెంటనే పారవేయండి. మా అమ్మాయి నేడు తన బిడ్డకు చిప్పబిళ్ళల గిలక తానే చేసి ఇచ్చినది. ఇచ్చే ముందు ముడిని నా చేత లాగించి చూచినది.