ఏఐతో ఆదా అయ్యే సమయమెంత? సరిచూడటానికి పోయేదెంత?

ఏఐ వాడితే పని 20 శాతం త్వరగా అయిందని ప్రోగ్రామర్లు అన్నారు. గడియారం మాత్రం 19 శాతం ఆలస్యమైందని చెప్పింది. అమెరికా పరిశోధన సంస్థ ‘మెటర్’ 2025లో బయటపెట్టిన ఫలితమిది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో అనుభవమున్న 16 మంది ప్రోగ్రామర్లకు 246 పనులిచ్చారు. ఏ పనికి ఏఐ వాడొచ్చో, దేనికి వాడకూడదో లాటరీ పద్ధతిలో తేల్చారు. మొదలుపెట్టక ముందు వాళ్ల అంచనా 24 శాతం సమయం ఆదా. పూర్తయ్యాక చెప్పింది 20 శాతం. అంటే 100 నిమిషాల పనికి 119 పడితే, తమకు 80 నిమిషాలే పట్టినట్టు అనిపించిందన్నమాట. తేడా 39 నిమిషాలు.

ఎందుకు ఆలస్యమైంది?

ఆ ప్రాజెక్టులతో వాళ్లకు సగటున ఐదేళ్ల పరిచయం. ఏఐ ఇచ్చిన కోడ్‌లో వాళ్లు ఉంచుకున్నది 44 శాతం లోపే. మిగతాదాన్ని కూడా చదవాలి, నడిపి చూడాలి, పక్కన పెట్టాలి. పాల్గొన్నది 16 మందే, వాడినవి అప్పటి సాధనాలే కాబట్టి ఈ 19 శాతాన్ని అందరికీ వర్తింపజేయలేం. ‘త్వరగా అయిపోయింది’ అన్న అనుభూతిని కొలతగా తీసుకోకూడదన్నది మాత్రం తేలింది.

వేగం కలిసొచ్చిన చోటు

2023లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఎంఐటీ పరిశోధకుల అధ్యయనంలో 453 మంది ఉద్యోగులు పాల్గొన్నారు. పత్రికా ప్రకటనలు, చిన్న నివేదికలు, ఈమెయిళ్ల వంటి రాతపనికి చాట్‌జీపీటీ వాడినవారికి సమయం 40 శాతం తగ్గింది, నాణ్యత 18 శాతం పెరిగింది. ఇలాంటి రాతలో తప్పుంటే, విషయం తెలిసినవారికి ఒకసారి చదవగానే దొరుకుతుంది.

తప్పు కనపడని చోటు

అదే ఏడాది బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్‌లో 758 మంది కన్సల్టెంట్లపై హార్వర్డ్ తదితర సంస్థల పరిశోధకులు జీపీటీ-4ను పరీక్షించారు. ఏఐకి చేతనైన పనుల్లో వేగం 25 శాతం పెరిగింది. మరో పనిని కావాలనే ఏఐ పొరబడేలా రూపొందించారు. అందులో పట్టికలోని అంకెలు ఒక దారి చూపిస్తే, అసలు సంగతి ఇంటర్వ్యూల నోట్సులో ఉంది. ఏఐ లేకుండా చేసినవారిలో దాదాపు 84 శాతం మంది సరైన జవాబు చెప్పారు. ఏఐ వాడినవారిలో అది 60–70 శాతానికి పడిపోయింది. పైగా, ఏఐ వాడినవారి సిఫార్సులు జవాబు తప్పైనా మెరుగ్గా రాసినట్టు మదింపులో తేలింది. భాష బాగుంటే అనుమానం రాదు, ప్రమాదం అక్కడే.

న్యూయార్క్ కోర్టులో ఏవియాంకా విమాన సంస్థపై నడిచిన కేసులో జరిగిందీ ఇదే. న్యాయవాదులు ఉదహరించిన ఆరు తీర్పులు చాట్‌జీపీటీ కల్పించినవి. అవి నిజమైనవేనా అని మళ్లీ చాట్‌జీపీటీనే అడిగితే, నిజమైనవేనంది. 2023 జూన్‌లో 5,000 డాలర్ల జరిమానా పడింది. తీర్పుల డేటాబేస్‌లో వెతికి ఉంటే ఆరూ కల్పితాలని అక్కడే తేలిపోయేది.

లెక్క ఎలా వేయాలి?

ఉదాహరణకు మీరు గంటలో రాసే నివేదికను ఏఐ 10 నిమిషాల్లో ఇచ్చిందనుకుందాం. సరిచూడటానికి 20 నిమిషాలైతే అరగంట మిగిలినట్టు. ప్రతి అంకెకూ మూలం వెతుకుతూ 50 నిమిషాలు గడిస్తే మిగిలేది సున్నా. సరిచూడకుండా వదిలేస్తే మిగిలినట్టు కనిపించే 50 నిమిషాలూ అప్పే. తప్పు బయటపడ్డాక వడ్డీతో కట్టాలి.

కాబట్టి ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి: తప్పు జరిగితే నష్టమెవరికి? ఆ తప్పును ఎవరు, ఎంతసేపట్లో పట్టుకోగలరు? నష్టం తక్కువై, తప్పు సులువుగా దొరికేచోట ఏఐకి వదిలేయొచ్చు. నష్టం ఎక్కువైతే మనిషే నిర్ణయించాలి. 2025 జులైలో కేరళ హైకోర్టు జిల్లా కోర్టులకు ఇచ్చిన విధానం ఇలాగే గీత గీసింది: తీర్పు తేల్చడానికి ఏఐ వాడకూడదు, ఏఐ చేసిన అనువాదాలను అర్హులైన అనువాదకులో న్యాయమూర్తులో సరిచూడాలి.

ఆఫీసులకూ ఇదే వర్తిస్తుంది. ఏఐకి పట్టిన 10 నిమిషాలనే లెక్కలోకి తీసుకుని గడువు పెట్టే మేనేజరు, సరిచూడొద్దని నోటితో చెప్పకుండానే చెబుతున్నట్టు.