3389వ తలుపు వీధిలోకి తెరిచి ఉందా?

షాపులోని కంప్యూటర్‌లో లెక్కలు ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు. హైదరాబాద్‌లో ఉన్న అబ్బాయి ఊళ్ళో అమ్మ కంప్యూటర్‌ని అక్కణ్ణించే సరిచెయ్యొచ్చు. దీన్నే రిమోట్ డెస్క్‌టాప్ అంటారు. సౌకర్యం బాగానే ఉంది. కానీ మనవాళ్ళు వచ్చే దారిలోనే దొంగ కూడా రాగలడు కదండీ!

కంప్యూటర్‌ని ఒక ఇల్లనుకోండి. దానికి అరవై అయిదు వేలకి పైగా తలుపులుంటాయి. వాటిని పోర్టులంటారు. విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌కి కేటాయించిన తలుపు నంబరు 3389. ఎవర్ని రానివ్వాలో, ఎవర్ని ఆపాలో చూసే వాచ్‌మన్ ఫైర్‌వాల్.

చాలామంది తొందరలో రౌటర్‌లో 'పోర్ట్ ఫార్వర్డింగ్' పెట్టి ఈ తలుపుని వీధిలోకి తెరిచేస్తారు. దొంగల ప్రోగ్రాములు రాత్రింబవళ్ళు ఇలాంటి తలుపుల కోసమే వెతుకుతుంటాయి. పాస్‌వర్డ్ దొరికిందంటే పిల్లల ఫోటోలు, షాపు లెక్కలు అన్నిటికీ తాళం వేసి డబ్బు అడుగుతారు. 2019లో పాత విండోస్‌లలో పాస్‌వర్డ్ కూడా అక్కర్లేకుండా లోపలికొచ్చే లోపం ఒకటి బయటపడింది. దాని పేరు 'బ్లూకీప్'. అప్పటికే వదిలేసిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ మళ్ళీ మరమ్మతు ఇచ్చిందంటే ఎంత ప్రమాదమో ఊహించుకోండి!

మరి ఏం చెయ్యాలి?

1. అవసరం లేకపోతే సెట్టింగ్స్‌లో రిమోట్ డెస్క్‌టాప్‌ని ఆపెయ్యండి.

2. రౌటర్‌లో 3389కి పెట్టిన ఫార్వర్డింగ్ తీసెయ్యండి. నంబరు మార్చినంత మాత్రాన చాలదు. దొంగ అన్ని తలుపులూ తట్టి చూస్తాడు.

3. బయటినుంచి రావాలంటే ముందు వీపీఎన్ ద్వారా రావాలి. అది మనవాళ్ళకి మాత్రమే తెలిసిన సందులాంటిది. ఈ సౌకర్యం కొన్ని రౌటర్లలోనే ఉంటుంది. ఫోన్లలో అమ్మే వీపీఎన్ యాప్‌లు వేరు, వాటితో ఈ పని జరగదు.

4. విండోస్ ఫైర్‌వాల్‌లో 'ఇన్‌బౌండ్ రూల్స్'లో రిమోట్ డెస్క్‌టాప్ రూల్ తెరిచి, 'స్కోప్' దగ్గర మన ఇంటి, వీపీఎన్ అడ్రసులు మాత్రమే రాయించండి.

5. పాస్‌వర్డ్ పొడుగ్గా పెట్టండి. అప్‌డేట్లు వాయిదా వెయ్యకండి. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయని గుర్తుంచుకోండి.

అంతా అయ్యాక ఒక పరీక్ష. వైఫై ఆపి, మొబైల్ డేటాతో, వీపీఎన్ లేకుండా ఆ కంప్యూటర్‌లోకి వెళ్ళి చూడండి. కలవకపోతే తలుపు మూసి ఉన్నట్టు. కలిసిందో, వెంటనే రౌటర్ సంగతి చూడాల్సిందే.

ఇవన్నీ మనకి రావాలనేం లేదు. బాగుచేసే అబ్బాయి వచ్చినప్పుడు పక్కనే నిలబడి, "బాబూ, 3389 వీధిలోకి తెరిచి ఉందా? ఫైర్‌వాల్ ఆపెయ్యలేదు కదా?" అని అడగండి చాలు. ముఖ్యమైన ఫైళ్ళు మాత్రం విడి డ్రైవ్‌లో ఇంకో కాపీ తీసి, వైరు పీకేసి బీరువాలో పెట్టుకోండి. ఏడాది ఆవకాయ అంతా ఒకే జాడీలో పెట్టం కదా!