రిపోర్టు చేతికిస్తే సరిపోదు

మన సంఘాలు వైద్య శిబిరాలు పెడుతున్నాయి, రక్తపరీక్షలు చేయిస్తున్నాయి. సంతోషమే. కానీ ‘హెచ్‌బి 8.4’ అని ఇంగ్లీషులో ఉన్న కాగితం చేతికిస్తే, చదువురాని గర్భిణికి ఏం తెలుస్తుంది? మడిచి పెట్టెలో దాచుకుంటుంది. పరీక్ష జరిగింది గాని మేలు జరగలేదు.

ఆ అంకెనే బొమ్మగా చూపిద్దాం. ఒక నిలువు పట్టీ గీసి మూడు భాగాలు చేయాలి. గర్భిణికి డెసిలీటరు రక్తంలో హిమోగ్లోబిన్ 11 గ్రాములు, ఆపైన ఉంటే ఆకుపచ్చ. 11 కంటే తక్కువైతే రక్తహీనత, పసుపు. 7 కంటే తగ్గితే ప్రమాదం, ఎరుపు. ఆమె అంకె దగ్గర బాణం గుర్తు వేయాలి.

రంగులనే నమ్ముకోకూడదు. ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియని వారున్నారు. జిరాక్స్ తీస్తే రంగులే ఉండవు. అందుకే పక్కనే నవ్వు ముఖం, దిగులు ముఖం, ఆసుపత్రి బొమ్మ వేసి, ‘బాగుంది’, ‘రక్తం తక్కువ’, ‘వెంటనే ఆసుపత్రికి’ అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాయాలి.

తర్వాత ఏం చేయాలో కూడా చూపాలి. ఐరన్ మాత్రను టీతో వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు. మాత్ర పక్కన టీ గ్లాసు గీసి కొట్టేస్తే ఆ సంగతి తెలిసిపోతుంది.

అచ్చు వేయించే ముందు ఆ బొమ్మను డాక్టరుగారికి, ఆపైన చదువురాని ఇద్దరు ముగ్గురు అక్కలకు చూపించి, “మీకేమర్థమైంది?” అని అడుగుదాం. వారు తప్పుగా చెబితే తప్పు వారిది కాదు, మన బొమ్మది. మళ్లీ గీద్దాం.