ఎక్సలేటర్ తొక్కితే కదిలేది తీగ కాదు... కరెంటు!

తెల్లవారుజామున కూరగాయల లోడుతో మార్కెట్‌కు బయల్దేరారు. దారిలో ఇంజిన్ లైటు వెలిగింది. ఎక్సలేటర్ ఎంత తొక్కినా బండి పరుగందుకోవడం లేదు. ఇంజిన్ పోయిందని కంగారు పడకండి. చాలాసార్లు ఇది ప్రమాదం రాకుండా బండి తీసుకునే జాగ్రత్త.

తీగ పోయింది, మోటారు వచ్చింది

ఇంజిన్‌కు గాలి వెళ్లే గొట్టంలో ఒక గుండ్రటి రేకు ఉంటుంది. అదే థ్రాటిల్. పాత కార్లలో ఎక్సలేటర్ తొక్కితే తీగ లాగి ఈ రేకు తెరుచుకునేది. ఇప్పటి పెట్రోలు కార్లు, చిన్న గూడ్సు బండ్లలో ఆ తీగ లేదు. మీరెంత తొక్కారో పెడల్ దగ్గరి సెన్సర్లు కంప్యూటర్‌కు చెబుతాయి. అది లెక్క చూసుకుని, చిన్న మోటారుతో రేకును తిప్పుతుంది. డీజిల్ బండిలోనైతే పెడల్‌ను బట్టి డీజిల్ మోతాదు మారుస్తుంది.

ఇద్దరు సాక్షులు

పెడల్ దగ్గర రెండు సెన్సర్లు, రేకు దగ్గర రెండు ఉంటాయి. జంటలో ఒకదాని మాటకు, రెండోదాని మాటకు పొంతన కుదరకపోతే కంప్యూటర్ నమ్మదు. ఇంజిన్ జోరు తగ్గించేస్తుంది. మోటారుకు కరెంటు ఆగినా స్ప్రింగు రేకును కాస్త తెరిచి ఉంచుతుంది. ఆ గాలితోనే మెల్లగా రోడ్డు పక్కకో, షెడ్డుకో చేరొచ్చు.

మీరు చూసుకోవాల్సినవి

* ధాన్యం, దాణా ఉన్నచోట బండి పెడితే ఎలుకలు వైర్లు కొరుకుతాయి. అప్పుడప్పుడు బానెట్ ఎత్తి చూడండి.
* ఇంజిన్ మీద పైపుతో నీళ్లు జోరుగా కొట్టొద్దు. కనెక్టర్లలోకి తడి చేరుతుంది.
* తాళం ఆన్‌లో ఉండగా రేకును వేలితో నెట్టొద్దు. మోటారు తిరిగితే వేలు నలుగుతుంది.
* పెడల్ కింద గోనెసంచి, వదులు మ్యాట్ వేయొద్దు.

ఈ చివరిది చిన్న విషయం కాదు. టయోటా కార్లు వాటంతటవే వేగం పుంజుకుంటున్నాయని 2009-10లో అమెరికాలో గగ్గోలు పుట్టింది. నాసా ఇంజనీర్లు పరీక్షించి, ఎలక్ట్రానిక్ లోపమే కారణమనడానికి ఆధారం దొరకలేదని 2011లో తేల్చారు. మ్యాటు పెడల్‌ను పట్టేయడం, పెడల్ బిగుసుకోవడం వంటి కారణాలతోనే ఆ కంపెనీ లక్షల కార్లను వెనక్కి పిలిపించింది.

ఎక్సలేటర్ ఇరుక్కుపోతే బ్రేకు గట్టిగా తొక్కి పట్టండి. గేరు న్యూట్రల్ చేయండి. బండి పూర్తిగా ఆగాకే తాళం తిప్పండి. నడుస్తుండగా ఇంజిన్ ఆపితే స్టీరింగు, బ్రేకు బరువెక్కుతాయి. ఇంట్లో బండి నడిపే పిల్లలకూ ఇది చెప్పి ఉంచండి.